అక్రా యువకుల డోళ్లు

పండుగనాడు డోలు మ్రోగుటలో వింత లేదు. పండుగకు ముందు నెల దినములు డోలు మ్రోగకుండుటయే వింత. పశ్చిమాఫ్రికాలోని ఘనా దేశమునకు అక్రా రాజధాని. అచ్చటి ప్రాచీన నివాసులైన గా జాతివారు ‘హోమోవో’ అను పంట పండుగకు ముందు సుమారు 30 దినములు డోలు ముట్టరాదని కట్టడి చేసికొనిరి. హోమోవో యనగా ఆకలిని హేళన చేయుట. విత్తిన పైరు ఎదుగు కాలమున దేవతలకు ప్రశాంతత కావలెనని వారి విశ్వాసము. కట్టడి తీరిన పిమ్మట వీధులు మరల డోళ్లతో నిండును.

అట్లు వినవచ్చు వాద్యనృత్యములలో ‘క్పాన్‌లోగో’ ఒకటి. క్రొత్తగా వినినవారు దీనిని తరతరాల సంప్రదాయమనుకొందురు. కాని ఇది పెద్దలు అప్పగించినది కాదు. 1960వ దశకపు ఆరంభమున అక్రాలోని బుకోమ్ పేట యువకులు కల్పించుకొన్నది. 1957 మార్చి 6వ తేదీన ఘనా స్వతంత్రమైనది. ఆ ఉత్సాహములో పెరిగిన యువకులు గోమే, ఓగే, కోలోమాషీ అను పాత వాద్యముల నడకలను గ్రహించి, పాశ్చాత్య రాక్ నృత్యపు పోకడలను వానికి జోడించిరి. ఓటూ లింకన్ అను యువకుడు దీనికి ఆద్యుడని ప్రసిద్ధి. తన తాత చెప్పిన కథలోని పేరునే అతడు దీనికి పెట్టెనందురు.

పెద్దలు మెచ్చుకొనలేదు. ఆ నడుము కదలికలు అసభ్యములనిరి. అధికారులును అడ్డు తగిలిరి. అయినను యువకులు మానలేదు. పేటపేటకు ఒక బృందము బయలుదేరెను. తుదకు క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వకాలముననే దీనికి ఆమోదము లభించినది. నాడు నిందింపబడినదే నేడు పెండ్లిండ్లలోను, అంత్యక్రియలలోను, పండుగలలోను గౌరవము పొందుచున్నది.

ఈ మార్పునకు కారణమేమి? ఆ యువకుల విద్యను పరిశీలించినచో కొంత బోధపడును. ఒకే మ్రాను దుంగను తొలిచి, పైమొగమున చర్మము బిగించి, చుట్టును కొయ్యచీలలు దిగగొట్టుదురు. చీలను లోనికి కొట్టినకొలది చర్మము బిగిసి శ్రుతి హెచ్చును. ఆ డోలును మోకాళ్ల నడుమ వంచి పట్టి చేతులతో వాయింతురు. మన మృదంగ విద్యార్థి జతులను నోట పలికినట్లే, అచ్చటి బాలుడును దెబ్బలను అక్షరములుగా పలికి నేర్చుకొనును.

కాని మొదట నేర్వవలసినది డోలు కాదు, ఇనుప గంట. శ్రోతలు ఒక పరీక్ష చేసి చూడవచ్చును. సమానమైన నడకతో 16 వరకు లెక్కించుచు, 1, 4, 7, 11, 13 అను అంకెలవద్ద మాత్రము మోకాలిపై చరచుడు. మరల మొదటికి రండు. ఆ ఐదు దెబ్బలే క్పాన్‌లోగోకు ఆధారము. గంట మారదు. ప్రక్క డోళ్లవారు ఒక్కొక్కరు ఒక చిన్న వరుసను విసుగులేక మ్రోగింతురు. ఆ వరుస ఒంటరిగా వినినచో ఏమియు కాదు. ఇతరుల వరుసల సందులలో ఇమిడినపుడే పాటయగును. వీరందరు నిలకడగా నున్నపుడే ప్రధాన వాదకునకు స్వేచ్ఛ కలుగును. అతడు నర్తకులను చూచి దెబ్బ మార్చును. తన దెబ్బనే వినుకొనువాడు బృందమును చెడగొట్టును.

అక్రాలో పుట్టిన గా వాదకుడు ఓబో ఆడీ 1978లో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరము చేరి, అచ్చట ఈ విద్యను పంచెను. 1996లో అమెరికా జాతీయ కళావారసత్వ పురస్కారము ఆయనకు లభించినది. 2012లో ఆయన కాలధర్మము నొందినను, సముద్రము దాటిన ఆ గంట ఆగలేదు.

బుకోమ్ యువకులు నడుము కదలికను మార్చిరి గాని గంటను విడువలేదు. పెద్దలు మొదట కదలికనే చూచిరి. గంటను వినుటకు కొంతకాలము పట్టినది. మన యిండ్లలోని పిల్లలును క్రొత్త పోకడలు పోవుదురు. కోపించుటకు ముందు మనము ఒక్క క్షణము చెవియొగ్గి వినవలెను: అడుగున గంట మ్రోగుచున్నదా, లేదా?