పిల్లల చేతికి విత్తనము

(అనంతపురమున నొక వ్యవసాయ ప్రదర్శన సందర్భమున చేసిన ఉపన్యాసము)



ఈ ప్రదర్శనమున ట్రాక్టర్లను, బిందుసేద్యపు గొట్టములను, మందు చల్లు డ్రోనులను మీరందఱు చూచియే యుందురు. వానినిగూర్చి చెప్పుటకు నాకన్న తగినవారు పెక్కుమంది కలరు. నేను పొలము దున్నువాడను కాను. పొలముల తగవులు వాదించువాడను. నేను చెప్పదలచినది ఆ మూలనున్న పిల్లల పందిరినిగూర్చి. అచ్చట రోలు, రోకలి, తిరుగలి, చేట, నాలుగు సాళ్ల మడి తప్ప మఱేమియు లేదు. తక్కిన చోట్ల వస్తువులను తాకరాదు. అచ్చట తాకనివానికి పని లేదు.

కొఱ్ఱ, సామ, ఆరిక, సజ్జ, రాగి గింజలను వరుసగా నుంచి పేళ్లు చెప్పుమనగా రైతుబిడ్డలే తడబడుట చూచితిని. తప్పు వారిది కాదు. మన జిల్లాలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమల చాటున నున్నందున నైరుతి వాన చాలినంత రాదు. తూర్పు తీరమునుండి వచ్చు వాన ఇచ్చటికి చేరునప్పటికి సన్నగిల్లును. ఈ సంగతి నెఱిగియే పెద్దలు ఒకే పైరును నమ్ముకొనక పలు విత్తనములను కలిపి విత్తిరి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చెను. ఆకలి తీర్చిన ఆ మేలును నేను కాదనను. 1986లో నూనెగింజల మిషను వచ్చి, వేరుసెనగ మఱింత విస్తరించెను. బియ్యపన్నము గౌరవమునకు, సంకటి లేమికి గుర్తులైనవి. కొఱ్ఱ చేనినుండి పోయెను. పిదప కుండనుండి పోయెను. ఇప్పుడు పిల్లల మాటలనుండియు పోవుచున్నది.

వేరుసెనగ అమ్ముడు పంట. ఎండిన యేట దానిని అమ్ముటకును లేదు, దానితో కడుపు నింపుకొనుటకును లేదు. కొఱ్ఱ ఇంచుమించు మూడు నెలలలో చేతికి వచ్చును. పొట్టు తీయక గాదెలో పోసినచో ఏండ్ల తరబడి నిలుచును. 1952 కరువున గంజి కేంద్రముల ముందు నిలిచిన రాయలసీమ బిడ్డలకు ఈ భేదము తెలియకపోవుట చిన్న విషయమా?

అట్లని వేరుసెనగను తిట్టుట నా ఉద్దేశము కాదు. పిల్లలకు పాఠము చెప్పుటకు దానిని మించిన మొక్క లేదు. పూవు నేలపైన పూయును, కాయ నేలలోపల కట్టును. పూవు వాడిన పిదప దానినుండి ఊడ దిగి మట్టిలోనికి చొచ్చును. ఆ వేళ వాన ముఖము చాటుచేసినచో మన ఎఱ్ఱనేల బిఱుసెక్కును. ఊడ మొన లోపలికి దిగజాలదు. పైన చేను పచ్చగానే యుండవచ్చును, లోపల కాయ యుండదు. రోడ్డుమీద మోటారు నిలిపి పంట బాగున్నదని వ్రాసికొని పోవువారు ఈ సంగతి నెఱుగరు. బాల్యమున ఒక్కమాఱు మొక్కను పెఱికి, ఊడలు లెక్కించి, వేళ్లనంటిన బుడిపెలను గిల్లి లోపలి గులాబి వన్నెను చూచినవాడు రేపు అధికారియైనను, బ్యాంకు గుమాస్తాయైనను, నావలె ప్లీడరైనను అట్టి వ్రాత వ్రాయడు.

"మా బిడ్డ మరల నాగలి పట్టవలెనా? ఈ కష్టము తప్పుటకే గదా చదివించుచున్నాము" అని తల్లిదండ్రులందురు. అప్పులలో మునిగి బెంగుళూరునకు వలసపోవువారిని చూచుచున్న జిల్లాలో ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. కాని సేద్యము నెఱుగుట వేఱు, సేద్యమునకు కట్టుబడుట వేఱు. పట్టణమున నున్నను మనుష్యుడు అన్నము తినకుండ నుండడు గదా! తాను తినుదానిని గూర్చి ఏమియు తెలియనివానికి అంగడివాడు చెప్పినదే వేదము.

1937లో వార్ధా విద్యా మహాసభ చేతిపని ద్వారా చదువు చెప్పుటను నిర్ణయించెను. ఆ పనులలో సేద్యమును చేరెను. కాలక్రమమున చేతిపని పోయి పుస్తకము మిగిలెను. 1990లో చెన్నేకొత్తపల్లికడ బంజరు నేలలో మొదలైన టింబక్టు కలెక్టివు వారు రైతుల చేత చిఱుధాన్యములను మరల పండింపజేసి, సహకార సంఘము ద్వారా అమ్మించుచున్నారు. 2022లో జిల్లా విభజనతో ఆ యూరు శ్రీ సత్యసాయి జిల్లాలోనికి పోయినను కరువు మాత్రము విభజింపబడలేదు! 2023లో ప్రభుత్వము బడులలో రాగిజావ పోయుట మొదలిడెను. మంచిదే. ఆ జావ త్రాగిన పిల్లవాడు రాగివెన్నును చేతబట్టి నలిపి చూచెనా యనునదే నా ప్రశ్న.

నేను కోరునది పెద్ద ఖర్చు కాదు. ప్రతి బడి ఆవరణలో ఒక సెంటు నేల. పిల్లలు చేతులు కడిగిన నీరు దానికి చాలును. ఆ యూరి ముసలమ్మ నొకతెను పిలిచి వారమునకొక గంట చెప్పించి, ఆమెకు కూలి యియ్యవలెను. ఉచితముగ చెప్పుమనుట అన్యాయము. వచ్చు తొలకరికి విత్తనపు మూటలను కట్టించు పని మా స్వచ్ఛంద సేవకులము పూనుకొనెదము; ప్రధానోపాధ్యాయులు తమ బడుల పేళ్లు ఈ సాయంకాలమే పందిరికడ వ్రాయింపుడు.

పిల్లలు దంచిన కొఱ్ఱలు ఇంకను సగము పొట్టుతోనే యున్నవి. ఆ దంపు రేపు ఉదయము ముగియును. మధ్యాహ్నము వారే అన్నము వండి, ఊరుబిండితో వడ్డింతురు. తల్లులుకూడ రావలెను, చెఱుగుట వారికి చేతనైనట్లు మాకు చేతకాదు.