ఇంటికి వెళ్ళే గరుసు దారి

పావగడ, హోసూరు వైపు పల్లెల్లో తారు రోడ్డు దిగాక ఇల్లు చేరడానికి చాలామందికి ఇంకా 100, 200 అడుగుల గరుసు దారి ఉంటుంది. మహారాష్ట్రలోని మనవాళ్ళు ఈ గరుసునే మురుం అంటారు. సొంత స్థలంలోని దారిని ఇంటివారే చూసుకోవాలి. అది బురదైతే పాలక్యాను తెచ్చేవారికీ, బడికి సైకిలు తొక్కే పిల్లలకూ ఇబ్బందే. అర్ధరాత్రి ఆంబులెన్సు రావలసి వస్తే మరీ ఇబ్బంది. అందుకే ఈవేళ ఆ దారి గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

దారి పాడవగానే మనం ఒక ట్రాక్టరు గరుసు తోలించి పైన పరుస్తాం. నాలుగు వానలకు అది కాలువలో చేరుతుంది. గరుసుతోపాటు డబ్బూ కొట్టుకుపోతుంది. కారణం ఏమిటి? దారిమీద నిలిచిన నీరు. నీరు నిలిచిన చోట మన్ను మెత్తబడుతుంది, మెత్తబడిన చోట చక్రం దిగుతుంది, దిగిన గుంతలో మళ్ళీ నీరు నిలుస్తుంది.

పలకను బల్లమీద పరిచి చెంచాడు నీళ్ళు పోయండి. నిలుస్తాయి. ఒక అంచు కొద్దిగా ఎత్తండి. జారిపోతాయి. దారికీ అంతే. నడుమ ఎత్తుగా, ఇరుపక్కలా వాలుగా ఉండాలి. 10 అడుగుల వెడల్పు దారికి అంచులకన్నా నడుమ రెండున్నర, మూడు అంగుళాల ఎత్తు చాలు. దారం కట్టి చూసుకోండి. ఇరుపక్కలా చిన్న కాలువలు తీయండి. నీరు పల్లమెరుగు కదా! ఆ పల్లం పొరుగువారి గోడ కాకూడదు. కాలువ ఎటు పోవాలో ముందే వారితో మాట్లాడుకోండి, తెలుగులోనైనా, కన్నడంలోనైనా, తమిళంలోనైనా.

ఇక గరుసు ఎంపిక. పిడికెడు తీసుకుని తడిపి పిసకండి. ముద్ద నిలవాలి, చేతికి మరీ అంటుకోకూడదు. బంకమన్ను ఎక్కువైతే దారి జారుతుంది. ఒట్టి గులకరాళ్ళయితే చక్రాల కింద దొర్లిపోతాయి. ఎంత కావాలి? పొడవు 100 అడుగులు, వెడల్పు 10, మందం 3 అంగుళాలైతే 250 ఘనపుటడుగులు. దిమ్మిస కొడితే అణుగుతుంది కనుక నాలుగో వంతు కలిపి 310 దాకా తెప్పించండి. పరిచాక నీళ్ళు చల్లి గట్టిపరచండి.

గుంత పడితే పైన గరుసు పోసి వదిలేయకండి. నీళ్ళు తోడి, అడుగు గట్టినేల తగిలేదాకా గడ్డపారతో తవ్వి, అంచులు నిలువుగా చెక్కి, గరుసు కొంచెం కొంచెంగా వేసి తడుపుతూ దిమ్మిస కొట్టండి.

దారి చదును చేయడానికి మండుటెండ పనికిరాదు. అప్పుడు గీకితే రాయీ దుమ్మూ విడిపోతాయి. తొలకరి పడి, తడి పూర్తిగా ఆరకముందే చేయండి. వానలకు ముందు కాలువల్లో పూడిక తీయండి. వానలు వెళ్ళాక అంచులకు చేరిన గరుసును నడుమకు లాగండి.

ఈసారి వాన కురుస్తున్నప్పుడు గొడుగు వేసుకుని మీ దారి వెంబడి ఒక్కసారి నడవండి. నీరు నిలిచిన ప్రతిచోటా ఒక పుల్ల పాతండి. ట్రాక్టరుకు కబురు పెట్టేముందు ఆ పుల్లలు లెక్కపెట్టుకోండి. ముందు నీటికి దారి చూపితే, మీ దారి మీకు మిగులుతుంది.