కొలంబోలో బరంపురం గొంతు

ప్రభుత్వం తన విదేశాంగ నీతిని లోకానికి ఎట్లా చెప్పుకొంటుంది? పత్రికలు, రేడియో సరే. అసలు బరువు పంపిన మనిషిది. మన బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు 1947 నుంచి 1951 వరకు సింహళంలో, అంటే నేటి శ్రీలంకలో, భారత హైకమిషనరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పక్షాన నిలిచినవారు కనుక మా రైల్వేవాళ్లకు మరీ ఆప్తులు. 1948 నాటి సింహళ పౌరసత్వ చట్టం లక్షలాది తోట కూలీలను ఏ దేశానికీ చెందనివారిని చేసింది. అక్కడ స్థిరపడినవారు అక్కడివారేనని మన ప్రభుత్వం వాదించింది. ఆ మాట కొలంబోలో వినిపించే భారం గిరిగారిది. 1964 ఒడంబడికలో 5,25,000 మందిని తీసుకొంటామని మన ప్రభుత్వమే ఒప్పుకొన్నది. తోటలో పుట్టి పెరిగిన కూలీకి ఈ మార్పును ఎవరు వివరించారో! 1936లో ఇల్లు కదలకుండానే మద్రాసు రాజధాని నుంచి ఒరిస్సాలో పడ్డ గంజాం తెలుగువారి మధ్య బతుకుతున్నాం. ఆ కూలీ ముఖం మేము ఊహించుకోగలం.