తిన్న అన్నము నిలువని వ్యాధి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావించిన ఉపన్యాసము)



ఉత్సవ సమయమున వ్యాధిని గూర్చిన ప్రసంగమేల యని మీరనుకొనవచ్చును. ఇంటిలో నలుగురి యెదుట పలుకలేని విషయమును తెలిసికొనుటకు గ్రంథాలయము కంటె తగిన చోటు లేదు.

దివిసీమ అన్నము విలువ యెఱిగిన సీమ. 1977 నవంబరు 19వ తేదీ నాటి ఉప్పెనను చూచిన వారు నేటికిని మన మధ్య నున్నారు. అట్టి పెద్దలకు, తిన్న అన్నమును కావలెనని వాంతి చేసికొను బిడ్డ కంటబడినచో కోపము కలుగుట సహజము. కాని అది పొగరు కాదు, వ్యాధి. ఈ యొక్క మాట చెప్పుటకే నేను నిలిచితిని.

దీనిని వైద్యులు బులీమియా నెర్వోసా యందురు. ‘ఎద్దు’, ‘ఆకలి’ అను రెండు గ్రీకు మాటల నుండి పుట్టిన పేరది. 1979లో జెరాల్డ్ రస్సెల్ అను లండను వైద్యుడు దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. తానీ వ్యాధితో బాధపడితినని ఇంగ్లండు యువరాణి డయానా 1995లో టెలివిజను ముఖమున స్వయముగా చెప్పెను. రాజభవనమును సైతము ఇది విడువలేదు.

లావగుచున్నానను దిగులుతో మనిషి పూటలు మానును. కడుపు మాడిమాడి యొకనాడు కట్టలు తెగును. ఏకాంతమున చేతికందినదెల్ల తినును, ఆపుకొనవలెనన్నను ఆగదు. అంతట సిగ్గు, భయము. వాంతి చేసికొనుటయో, విరేచనపు మందు మ్రింగుటయో, మరల పస్తుండుటయో జరుగును. పస్తు వలన మరల ఆకలి. ఇట్లు గానుగెద్దు వలె తిరుగుచుండును. కార్తిక సోమవారపు ఉపవాసము వేఱు. అందు దాపరికము లేదు, నక్షత్రదర్శనమైన పిదప నిశ్చింతగా భుజింతురు.

చిక్కి శల్యమైన వారికే ఇట్టి జబ్బులుండునని తలంపకుడు. ఈ రోగులలో పెక్కుమంది బరువు సామాన్యముగనే యుండును. కావున ఇతర గుర్తులను చూడవలెను. భోజనమైన వెంటనే స్నానాల గదికి పోయి గడియ వేసికొనుట, నలుగురితో కలిసి తిననొల్లకుండుట, రాత్రివేళ గిన్నెలు ఖాళీయగుట, చెవుల క్రింద బుగ్గలు ఉబ్బుట, పండ్లు అరుగుట, వ్రేళ్ల కణుపులపై మచ్చలు పడుట. ఆడపిల్లలలో ఎక్కువయైనను మగపిల్లలకును ఇది వచ్చును. ఉపాధ్యాయ పరీక్షల శిక్షణకై పలు జిల్లాల యువతీయువకులు మన అవనిగడ్డకు వచ్చి వసతి గృహములలో నుందురు. అట్టివారి విషయమున గదిలోని స్నేహితులే ముందు గమనింపగలరు.

మాటిమాటికి వాంతులగుటచే రక్తములోని పొటాషియము తగ్గి గుండె లయ తప్పవచ్చును. సొమ్మసిల్లుట, గుండె దడ, వాంతిలో రక్తము కనబడినచో తడవు చేయక ఆసుపత్రికి కొనిపోవలెను. వాంతియైన వెంటనే పండ్లు తోమరాదు. నీటితో పుక్కిలించిన చాలును.

బిడ్డను విస్తరి ముందు నిలదీయకుడు. బరువును గూర్చి పరిహసింపకుడు. దిష్టి తీసి ఊరకుండకుడు. ఒంటరిగా కూర్చుండబెట్టుకొని, “అమ్మా, అన్నము తిన్న తరువాత నీవు బాధపడుచున్నట్లు తోచుచున్నది. నాతో చెప్పుము, నేను కోపపడను” అనుడు. మొదటిసారి కాదన్నను విసుగు చెందక మరల అడుగుడు.

పిమ్మట వైద్యునికి దాచక చెప్పవలెను. ఆయన సలహాపై మానసిక వైద్యుని చూడవలెను. వేళకు తినుటను మరల అలవరచి, తలపులను సరిదిద్దు సంభాషణ చికిత్స దీనికి ముఖ్యము. కొందఱికి మందులును ఇత్తురు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా, తెలుగులోనే మాటలాడవచ్చును. తగిన చికిత్సతో పెక్కుమంది కోలుకొనుచున్నారు.

అన్నమును గౌరవించు మనము, ఆ అన్నమునకు భయపడు బిడ్డను గూడ ఆదరింపవలెను. మీ యింట అట్టి బిడ్డ యున్నచో ఈ రాత్రియే పలుకరింపుడు.