అంబులెన్స్ గల్లీ మొదట్లో ఆగిపోతే



ఆపదవేళ అంబులెన్స్ సిబ్బంది బాధ్యతలను గురించి మాట్లాడమని మమ్మల్ని కోరారు. మేము వైద్యులము కాము, న్యాయవాదులమూ కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమించి, నేడు బస్తీ రోగుల వెంట ఆసుపత్రులకు తిరుగుతున్నవారము.

1992 జులై 8వ తేదీ సాయంత్రం పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషనులో హకీం షేక్ అనే వ్యక్తి రైలు నుంచి పడిపోయాడు. ఆయన వ్యవసాయ కూలీల సంఘంలో సభ్యుడు. తలకు తీవ్రగాయమై, మెదడులో రక్తస్రావమైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సదుపాయం లేదన్నారు. కలకత్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి నుంచి మరొకదానికి తిప్పారు. మంచం ఖాళీ లేదన్నారు, పరికరం లేదన్నారు. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు వెచ్చించి బతికాడు. 1996లో సుప్రీంకోర్టు, సకాలంలో వైద్యం నిరాకరించడం 21వ అధికరణం ప్రసాదించిన జీవించే హక్కును ఉల్లంఘించడమేనని తీర్పు చెప్పి, 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. అంతటితో ఆగలేదు. అంబులెన్సులలో అవసరమైన పరికరాలు, వైద్య సిబ్బంది ఉండాలనీ, ఎక్కడ మంచం ఖాళీగా ఉన్నదో ముందే తెలిసే సమాచార వ్యవస్థ ఉండాలనీ చెప్పింది. ఒక పేద కూలీ పోరాటం వల్ల దేశమంతటికీ దక్కిన మాట అది.

అంతకుముందే, 1989లో పరమానంద్ కటారా కేసులో, పోలీసు లాంఛనాల కోసం చికిత్స ఆపరాదని అదే న్యాయస్థానం తేల్చింది. 2020లో కోవిడ్ కాలంలో అంబులెన్సులకు న్యాయమైన ఛార్జీలు నిర్ణయించమని రాష్ట్రాలను ఆదేశించింది. అయితే సిబ్బంది బాధ్యతలన్నీ ఒక్క చట్టంలో పోగుచేసి లేవు. తీర్పులలో కొంత, మోటారు వాహనాల చట్టంలో కొంత, వృత్తిధర్మంలో మిగిలినది వెదుక్కోవాలి.

మా గల్లీ సంగతి చెబుతాము. ఒక రాత్రి పొరుగింటి ఖాలాకు ఊపిరి అందలేదు. పిలిచిన ప్రైవేటు వాహనం పెద్దరోడ్డు మీదనే ఆగింది. ముందు డబ్బు చేతిలో పెడితేనే స్ట్రెచర్ దించుతామన్నారు. కుర్రవాళ్లు ఆమెను నులకమంచం మీద మోసుకొచ్చారు. ఆసుపత్రిలో మంచం లేదనగానే వరండాలో దించి వెళ్లిపోయారు. మూడవరోజు ఆమె కన్నుమూశారు. ముందే చేరి ఉంటే బతికేవారేమో, వైద్యులే చెప్పాలి. కానీ రోగిని వైద్యునికో నర్సుకో అప్పగించి, దారిలో ఏమి చేశారో చెప్పేవరకు సిబ్బంది పని పూర్తికాదని మాత్రం మేమూ చెప్పగలము.

ఫిర్యాదు రాయబోతే వాహనం నంబరు లేదు, రసీదు లేదు, పిలిచిన వేళ ఎవరూ రాసుకోలేదు. ముప్పై ఏళ్లు దస్త్రాలు మోసిన మాకే ఆ రాత్రి కాగితం గుర్తురాలేదు!

ఇంకొక సున్నితమైన విషయం. స్పృహలో ఉన్న రోగికి చేయబోయేది చెప్పి, సమ్మతి తీసుకోవడం ధర్మం. పరీక్ష కోసం బుర్ఖా తొలగించవలసివస్తే ఒక మాట చెప్పి, దుప్పటి అడ్డుపెడితే చాలు. స్పృహలేనప్పుడు, అయినవారెవరూ అందుబాటులో లేనప్పుడు, రోగి మేలుకోసం సద్భావంతో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షను రక్షణ ఇస్తుంది. అటువంటి వేళ మగ సిబ్బందిని మనవాళ్లు అడ్డుకోవడం చూశాము. అది ప్రాణంతో చెలగాటం. అలాగే పేరు అడగడమే వివక్ష కాదు, నమోదుకు పేరు కావాలి. పేరు వినగానే ప్రవర్తన మారితే అది వివక్ష, దానిని ఊరుకోరాదు.

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 సేవ ఎందరినో కాపాడింది. రాత్రింబవళ్లు పరుగెత్తే ఆ పైలట్లు, టెక్నీషియన్ల కష్టం మేమెరుగుదుము. వారికి దారి ఇవ్వని వాహనదారుకు 194ఇ సెక్షను కింద 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. మరి షాదీలకు గల్లీకి అడ్డంగా షామియానాలు వేసే మనకు? ఇరువైపులా మోటారు సైకిళ్లు నిలిపే మనకు?

వచ్చే ఆదివారం ఉదయం ప్రతి గల్లీ మొదట్లో పేరు, ఇంటి నంబర్లు కనిపించేలా పలకలు కడుతున్నాము. నిచ్చెన ఉన్నవారు తెచ్చుకోండి. రాత్రిపూట దారి చూపడానికి ముందుకొచ్చే యువకులు వెళ్లేముందు ఆ బల్ల దగ్గర పేర్లు, ఫోన్ నంబర్లు రాయించండి.