మెదడు ఆకలి
(పెద్దతిప్పసముద్రం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మెదడు తినే తిండి గురించి ఈరోజు నాలుగు మాటలు చెప్పదలిచాం. రంజాన్‌లో షుగర్ ఉన్న పెద్దల క్షేమం దీంతోనే ముడిపడి ఉంది.

మనిషి బరువులో మెదడు నూటికి 2 పాళ్లే. కానీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు దానికే పోతుంది. నరాల కణం కబురు పంపిన ప్రతిసారీ లోపలికి వచ్చిన సోడియంను బయటికి తోడాలి, బయటికి పోయిన పొటాషియంను లోపలికి చేర్చాలి. మనం నిద్రపోయినా ఈ పని ఆగదు. దానికి కావలసిన ఇంధనం ఏటీపీ. కణం గ్లూకోజును ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలను మైటోకాండ్రియాలు ప్రాణవాయువుతో మండించి ఏటీపీ తయారుచేస్తాయి.

ఈ ఏటీపీని కనుగొన్నవారిలో మన తెలుగువారు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో దాన్ని కండరంలో గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నారు. సుబ్బారావు గారు 1922లో అమెరికా చేరడానికి కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం కూడా తోడైంది. దాతల డబ్బు ఎంత దూరం పోతుందో చూడండి.

మెదడులో నిల్వ దాదాపు లేనట్టే. నరాల కణాల పక్కనుండే ఆస్ట్రోసైట్లలో కొద్దిపాటి గ్లైకోజెన్ ఉంటుంది, అంతే. అందుకే రక్తం గ్లూకోజును అందిస్తూనే ఉండాలి. రోజా పూట కాలేయం తన నిల్వ కరిగించి పంపుతుంది. పస్తు రోజుల తరబడి సాగితే కొవ్వు నుంచి కీటోన్లు చేసి పంపుతుంది. ఆరోగ్యవంతులకు అది చాలు.

ఇన్సులిన్ వేసుకునేవారికి, కొన్ని రకాల షుగర్ మాత్రలు మింగేవారికి సంగతి వేరు. ఆ మందు కాలేయం చేతులు కట్టేస్తుంది. షుగర్ 70 కంటే దిగితే చెమట, వణుకు, మాట తడబాటు వస్తాయి. ఇంకా దిగితే స్పృహ తప్పుతుంది. అప్పుడు ఇఫ్తార్ దాకా ఆగకూడదు. మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి చేర్చాలి.

రోగికి రోజా వాయిదా వేసుకునే వెసులుబాటు మన దీన్‌లోనే ఉంది. తగ్గని జబ్బయితే ఒక్కో రోజాకు ఒక పేదకు అన్నం పెట్టే ఫిద్యా ఉంది. నలుగురూ ఏమనుకుంటారోనని మొండికేసే దాదాకు, నానీకి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. వారి ఫిద్యా మరొక ఆకలి మెదడుకు తిండి అవుతుంది.

కూలి మానుకుని మదనపల్లె దాకా పోయి షుగర్ చూపించుకోవడం పేదలకు భారం. అందుకే దాతలను కోరుతున్నాం: వీధికొక గ్లూకోమీటరు, నెలకు సరిపడా స్ట్రిప్పులు ఇప్పించండి. షాబాన్‌లోనే పెద్దలను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి మందుల మోతాదు సరిచేయించండి.

మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.