ఫారంలోకి రాని కూర

(పరిశోధక విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నా పరిశోధన పసిపిల్లల్లో ఇనుము లోపం మీద. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లో మన దేశంలో 6 నుంచి 59 నెలల పిల్లల్లో 58.6 శాతం మందికి రక్తహీనత ఉంది. 2019-21 నాటికి అది 67.1 శాతమైంది. తెలంగాణలో 70 శాతం. ఈ అంకెలు మీకు తెలిసినవే. అంకెల్లోకి రాని ఒక సంగతి చెప్తాను.

ఫీల్డ్‌వర్క్‌లో "నిన్న బిడ్డకు ఏం పెట్టినవమ్మా?" అని తల్లులను అడిగి ఫారం నింపాలి. ఒక మాదిగవాడలో ఏడాదిన్నర పాప తల్లి "అన్నం, పప్పుచారు మేడం" అంది. రాసుకున్నాను. లేచి వస్తుంటే దండెం మీద ఆరేసిన తునకలు కనిపించాయి. నేను చూశానని గమనించి, ఆమె గబగబా వాటి మీద తువ్వాలు కప్పింది.

ఆ కప్పడం నాకు కొత్త కాదు. "బళ్లె ఎవరన్న అడిగితే పప్పు తిన్న అని చెప్పు బిడ్డా" అని మా అమ్మ నేర్పింది. చాలా ఏళ్లు అదే చెప్పాను.

"మా ఇంట్ల కూడా పెద్దకూర వండుతం చెల్లె" అన్నాను. కాసేపాగి ఆమె అడిగింది: "అక్కా, పాపకు మెత్తగ ఉడకబెట్టి నలిపి పెట్టొచ్చా? అంగన్‌వాడీల అడగాలంటే సిగ్గయితది."

మిత్రులారా, ఆరు నెలలు దాటాక బిడ్డకు తల్లిపాలలోని ఇనుము చాలదు. ధాన్యాలు, పప్పుల్లో ఇనుము ఉన్నా వాటిలోని ఫైటేట్లు దాన్ని సరిగా ఒంటబట్టనివ్వవు. మాంసంలోని ఇనుము తేలిగ్గా ఒంటబడుతుంది. జింక్ కూడా అంతే. పెద్దకూర, నల్ల, కార్జం మన వాడలకు ఎప్పటినుంచో తెలిసిన తిండి. కానీ నేను తిరిగిన కేంద్రాల పోస్టర్ల మీద పాలకూర, బెల్లమే ఉన్నాయి.

పెద్దకూరతోనే రక్తహీనత పోతుందని నేను అనను. నెలకోసారి కూడా కొనలేని ఇళ్లున్నాయి. నులిపురుగులు, తల్లికే రక్తం లేకపోవడం కూడా కారణాలే. సిరప్పులూ కావాలి. కానీ తల్లికి తెలియదని మనం రాసేస్తున్న చోట, నిజానికి ఆమె చెప్పలేకపోతోంది. 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టడానికే ఒప్పుకోలేదు. బిడ్డ పళ్లెంలో ఏముండాలో ఎవరు తేలుస్తున్నారో చూడండి.

1948లో బాబాసాహెబ్ 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంటరానితనం మూలాన్ని గోమాంసంతో ముడిపెట్టి వివరించారు. ఆ అంటు ఇవాళ మన ఫారాల్లో ఖాళీ గడిగా మిగిలింది. అది ఖాళీగా ఉన్నంతకాలం మన లెక్క తప్పే, దాన్ని బట్టి ఇచ్చే సలహా కూడా తప్పే.

నేను ఆ ఇంటికి మళ్లీ వెళ్లి, ఆమెను అడిగి, ఫారం దిద్దాను. మీరూ పెద్దకూర పేరు మీ నోటితో ముందు పలకండి. తర్వాత ప్రశ్న అడగండి.

జై భీమ్.